చలికి బతికి, తడికి పోయే గడ్డి

చలికాలం చివర ఒక పొద్దున నీలి ఫెస్క్యూ అనే అలంకరణ గడ్డి దుబ్బులో ఎండు పోచలు ఏరేద్దామని చెయ్యి పెట్టాను. పోచలతో పాటు సగం దుబ్బు చేతిలోకి వచ్చేసింది. గట్టిగా లాగింది లేదు, వేరు తెగిన చప్పుడూ లేదు. పైన ఆకులు ఇంకా నీలంగానే ఉన్నాయి. అడుగు మాత్రం నల్లబడి, జిగురు కట్టి, బకెట్లో నానేసి మరిచిపోయిన గుడ్డలా కంపు కొడుతోంది.

నిజానికి ఆ ఏడు చలి పెద్దగా పడలేదు. నీలి ఫెస్క్యూ మైనస్ 25 డిగ్రీల చలిని కూడా ఓర్చుకునే మొక్క. మంచు కప్పేసినా కరిగాక ఏమీ ఎరగనట్టు లేచి నిలబడుతుంది. అలాంటిది వారాల తరబడి పట్టిన ముసురుకి పోయింది. మొక్కకి తగిలించే చీటీ మీద ఎంత చలికి ఆగుతుందో రాస్తారు. చలిలో ఎంత తడికి ఆగుతుందో మాత్రం రాయరు. అందం కోసం పెంచే గడ్డి మొక్కలకి చలికాలంలో అసలు గండం ఆ రెండోదే.

సలహాలకేమీ కొదవ లేదు. చలి మొదలవగానే కోసేయమని ఒకరు, వసంతం దాకా ముట్టుకోవద్దని ఇంకొకరు. కప్పమనేవాళ్ళు, కప్పొద్దనేవాళ్ళు. అన్నీ ఏదో ఒక గడ్డికి నిజమే. మన దుబ్బుకి ఏది నిజమో తేల్చుకోవాలంటే రెండే సంగతులు తెలియాలి: నీళ్ళు ఎక్కడ నిలుస్తున్నాయి, ఆ గడ్డి ఎప్పుడు మేల్కొంటుంది.

కుదురులో జరిగేది

దుబ్బు ఆకుల్ని రెండు చేతులతో పాపిడి తీసినట్టు విడదీసి చూడండి. అడుగున పిలకలన్నీ ఒకచోట గుమిగూడి ఉంటాయి. అక్కడి నుంచే పైకి ఆకులు, కిందికి వేళ్ళు. అదే కుదురు. వచ్చే ఏడాది పిలకలు కావాల్సిన మొగ్గలు అందులోనే ముడుచుకుని ఉంటాయి. ఆకులన్నీ ఎండిపోయినా కంగారు లేదు. కుదురు బతికుంటే గడ్డి బతికున్నట్టే.

వేరుకి నీరు ఎంత అవసరమో గాలీ అంతే అవసరం. మట్టి రేణువుల మధ్య సందుల్లో ఉండే గాలినే అది పీల్చుకుంటుంది. వాన ఆగకుండా పడితే ఆ సందులన్నీ నీటితో నిండిపోతాయి. నీటిలో ఆక్సిజన్ పాకే వేగం గాలిలో కన్నా దాదాపు 10,000 రెట్లు తక్కువ. పై నుంచి అందే సరఫరా ఇంచుమించు ఆగిపోయినట్టే. గాలి ఉన్నప్పుడు వేరు ఒక్కో గ్లూకోజ్ అణువు నుంచి 30 దాకా శక్తి బిళ్ళలు, అదే ఏటీపీలు, సంపాదిస్తుంది. గాలి లేకపోతే దక్కేది రెండే. ఇంటి ఖర్చు అంతే ఉండి జీతం పదిహేనో వంతుకి పడిపోతే ఏం చేస్తాం? దాచుకున్నది తింటాం. వేరూ అదే చేస్తుంది. వసంతంలో మొలకెత్తడానికి దాచుకున్న పిండిపదార్థాన్ని చలికాలంలోనే ఖర్చు పెట్టేస్తుంది. పైగా ఆ పులియబెట్టే పద్ధతిలో ఆల్కహాల్ తయారై వేరులోనే చేరుతుంది.

అయితే వేసవి వానకి పోని మొక్క చలికాలం వానకే ఎందుకు పోతుంది? వేసవిలో ఆకులు పంపుసెట్ల లాంటివి. పొద్దస్తమానం నీటిని పైకి లాగి ఆవిరి చేస్తాయి, మిగిలింది ఎండ చూసుకుంటుంది. చలికాలంలో ఆకులు ఎండి ఉంటాయి, ఎండ ఏటవాలుగా పడుతుంది, పొద్దు పొట్టి. కాబట్టి వేసవిలో రెండు రోజుల్లో ఆరిపోయే తడి చలికాలంలో మూడు వారాలు అక్కడే ఉంటుంది. ఇందులో మొక్కకి కలిసొచ్చే సంగతి కూడా ఒకటుంది. చల్లటి నేలలో వేరు శ్వాస మందగిస్తుంది, దానికి కావాల్సిన ఆక్సిజనూ తగ్గుతుంది. అందుకే నాలుగు రోజుల ముంపుకి ఏ గడ్డీ చావదు. ఒక పెద్ద వాన పడగానే టెన్షన్ పడి తోటలోకి పరిగెత్తక్కర్లేదు. చంపేది వాన కాదు, వాన వెళ్ళిపోయాక కూడా కదలని నీరు.

బలహీనపడిన వేరు మీదకి పిథియం లాంటి తెగుళ్ళు వస్తాయి. చూడ్డానికి బూజులా ఉన్నా ఇవి శిలీంధ్రాలు కావు, నీటిబూజులు అనే వేరే జాతి. వీటి బీజాలకి తోకలుంటాయి, నీటిలో ఈదుకుంటూ వేరు దగ్గరికి చేరతాయి. సందుల్లో నీరు లేకపోతే ఈదడానికి దారే ఉండదు. కుళ్ళు మందు కోసం వెతికే ముందు నీరు పోయే దారి వెతకమని చెప్పేది ఇందుకే.

కుదురులో నిలిచిన నీరు గడ్డకట్టడం మరో దెబ్బ. నీరు మంచుగా మారితే ఉబ్బుతుంది, మొగ్గల సందుల్ని చీలుస్తుంది. పగలు కరిగి రాత్రి మళ్ళీ గడ్డకడుతూ ఉంటే, కొత్తగా నాటిన చిన్న మొక్కల్ని మట్టే పైకి తోసేస్తుంది. అలా లేచిన మొక్క కనిపిస్తే బోట్లతో తొక్కకండి. చేత్తో మెల్లగా అదిమి కూర్చోబెట్టండి.

ఇదంతా విని గడ్డి జాతికే తడి పడదనుకోవద్దు. వరి కూడా గడ్డే, నీళ్ళలోనే నిలబడి పెరుగుతుంది. వేరు లోపల గాలి గొట్టాలు కట్టుకుని ఆకుల నుంచి ఆక్సిజన్ దించుకోవడం దాని విద్య. అలంకరణ గడ్డుల్లోనూ చిత్తడి నేలల్లో పుట్టినవి ఉన్నాయి. మోలీనియా, డెషాంప్సియా అలాంటివే. పానికమ్ విర్గాటమ్, మిస్కాంథస్ తడి మట్టిని బాగానే ఓర్చుకుంటాయి. ఫెస్క్యూ, స్టైపా, నీలి ఓటు గడ్డి అని పిలిచే హెలిక్టోట్రైకాన్ మాత్రం రాళ్ళ నేలల నుంచి, ఎండిన పచ్చిక బయళ్ళ నుంచి వచ్చినవి. పెనిసెటమ్ మధ్యస్థం. వేసవిలో తడి ఇష్టం, చలికాలంలో అదే తడి పడదు.

తుంగ జాతి కేరెక్స్‌ల దగ్గర చాలామంది పొరపడతారు. ఇవి అసలు గడ్డే కావు. పూకాడని వేళ్ళ మధ్య తిప్పితే మూడు అంచులు తగులుతాయి. తుంగ అనగానే నీటి మొక్క అనుకుంటాం. కేరెక్స్ ఎలాటా నిజంగానే చెరువు గట్టు మనిషి. న్యూజిలాండ్ నుంచి వచ్చిన గోధుమ రంగు కేరెక్స్‌లని మాత్రం చలికాలమంతా నీళ్ళలో నిలబెడితే దక్కవు. పేరు చూసి చోటు ఇవ్వకూడదు, పుట్టిల్లు చూసి ఇవ్వాలి.

కోయాలా, ఉంచాలా

ఎక్కువ వాదన నడిచేది ఇక్కడే. జర్మనీలో పాట్స్‌డామ్ దగ్గర బోర్నిమ్‌లో నర్సరీ నడిపిన కార్ల్ ఫోర్‌స్టర్ (1874–1970) తోటల్లో గడ్డికి గౌరవం తెచ్చినవాళ్ళలో ముఖ్యుడు. ఆయన పేరుతోనే ఉన్న కాలమాగ్రోస్టిస్ గడ్డి రకాన్ని అమెరికాలోని పెరెన్నియల్ ప్లాంట్ అసోసియేషన్ 2001కి ఆ ఏటి మొక్కగా ఎంచుకుంది. దాని గొప్పతనం చలికాలంలోనే కనిపిస్తుంది. నిటారుగా నిలబడిన ఎండు కాడలు, గోధుమ రంగు కంకులు, వాన దులుపుకుని మళ్ళీ నిలబడే మొండితనం. తర్వాతి తరంలో డచ్ తోట రూపకర్త పీట్ ఔడాల్ఫ్ ఎండిన గడ్డిని చెత్తగా కాకుండా చలికాలపు అందంగా చూపించాడు. ఆయన మొక్కలు ఎంచి నాటించిన హై లైన్ తోట న్యూయార్క్‌లో పాత రైలు వంతెన మీద 2009లో మొదలైంది. అక్కడ ఎండు కాడల్ని చలికాలమంతా ఉంచి, వసంతం ముంగిట్లో కోస్తారు.

అందం సంగతి పక్కన పెడితే, కాడల్ని ఉంచడానికి గట్టి కారణం కుదురు. దుబ్బు ఆకారం గమనించండి. ఆకులు మధ్యలోంచి లేచి బయటికి వంగి ఉంటాయి. అచ్చం గడ్డి కప్పిన పాక చూరు. వాన చినుకు ఆకు మీద పడి జారి దుబ్బు అంచు అవతలికి వెళ్ళిపోతుంది. చలి మొదట్లోనే కోసేస్తే చూరు తీసేసినట్టు. ప్రతి చినుకూ నేరుగా కుదురు నడినెత్తి మీద పడుతుంది.

కోసిన బోలు కాడలు స్ట్రాలలా నీటిని కుదురులోకి దింపుతాయని ఒక మాట తరచూ వినిపిస్తుంది. నేను దాన్ని సగమే నమ్ముతాను. గడ్డి కాడకి వెదురుకి ఉన్నట్టే కణుపులుంటాయి, కణుపు దగ్గర లోపలి దారి మూసి ఉంటుంది. నీరు పై ముక్కలోనే ఆగుతుంది. అక్కడ నిలిచి, గడ్డకట్టి, మొండెం కుళ్ళడం నిజం. అది కుదురు దాకా పాకడానికి టైమ్ పడుతుంది. అసలు నష్టం చూరు పోవడమే.

ఇక రెండో పక్షం. ముసురు మరీ ఎక్కువైన ఏడు అన్ని గడ్డులూ నిలబడవు. పెనిసెటమ్ కంకులు ముందే రాలి, ఆకులు నేలకి అంటుకుపోతాయి. పెద్ద రకం మోలీనియా చలికాలం సగంలోనే కాడల్ని మొదట్లోంచి తనే వదిలేస్తుంది. అలా పడినవి దుబ్బు మీద ముద్దయి కూర్చుంటే అది చూరు కాదు, తడి దుప్పటి. గాలి ఆడదు, దాని కింద నత్తలు కాపురం పెడతాయి. కాబట్టి నేను పాటించేది ఇంతే: నిలబడ్డది ఉంచుతాను, పడ్డది తీసేస్తాను. మొత్తం దుబ్బుకి ఒకే తీర్పు అక్కర్లేదు. విరిగి వాలిన నాలుగు కాడల్ని కత్తిరించి, మిగతా వాటిని అలాగే వదిలేయొచ్చు.

మిస్కాంథస్ లాంటి పొడుగు దుబ్బు వాన బరువుకి నాలుగు వైపులా విచ్చుకుంటే నడుము దగ్గర తాడుతో వదులుగా కట్టండి. బిగించి కట్టి చీపురు కట్టలా చేయొద్దు. మధ్యలో గాలి తిరగాలి.

ఫోర్‌స్టర్ గడ్డి, మిస్కాంథస్, పానికమ్ లాంటి ఆకు ఎండిపోయే రకాలన్నిటికీ కోతవేళ చలికాలం చివర. అడుగున పచ్చటి మొలకలు కనిపించీ కనిపించనప్పుడు, నేల మీద 10 నుంచి 15 సెంటీమీటర్లు వదిలి కోయాలి. ఆలస్యమైతే కొత్త మొలకల కొసలు కూడా కత్తెరలో పడతాయి, ఆ ఏడంతా ఆకులు చదునుగా నరికినట్టు కనిపిస్తాయి. నాకు ఆ అనుభవం ఉంది, అవమానం తప్ప నష్టమేం లేదు. కోసే ముందు దుబ్బుని తాడుతో మోపులా కట్టేస్తే చెత్త తోటంతా ఎగరదు. చేతికి గ్లౌజులు మాత్రం తప్పనిసరి. మిస్కాంథస్, పాంపాస్ ఆకుల అంచులు రంపాలు.

పచ్చగానే ఉండే రకాల దారి వేరు. వాటికి చలికాలంలో కోతే లేదు, దువ్వడమే. స్టైపా టెనుయిసిమా మెత్తటి జుట్టులా ఉంటుంది, తడి పట్టిన రోజుల్లో లోపలి చచ్చిన పోచలు చిక్కుపడి ఉండ కడతాయి. కాస్త పొడిగా ఉన్న రోజు చూసుకుని, ఒక చేత్తో కుదురు పట్టుకుని, రెండో చేతి వేళ్ళతో అడుగు నుంచి కొసకి మెల్లగా దువ్వితే ఎండు పోచలు వాటంతటవే వచ్చేస్తాయి. తడి రోజున దువ్వితే బతికున్న పిలకలు కూడా ఊడివస్తాయి. మొదట్లో చెప్పిన ఫెస్క్యూ దగ్గర నేను ఎక్కడ తప్పు చేశానో అప్పుడే తెలిసింది. చలి మొదట్లో ఒక్కసారి దువ్వి ఉంటే మధ్యలో గాలి ఆడేది. రాలిన చెట్టాకులు కూడా ఆ దుబ్బులో ఇరుక్కుని ముద్దయ్యాయి. చలికాలంలో ఒకే ఒక్క పని చేసే ఓపిక ఉంటే దుబ్బుల నడినెత్తిలో పడిన చెట్టాకులు ఏరేయండి చాలు.

మట్టి, కుండీ, కంకర

కుదురు పైన ఎంత చేసినా కింద నీరు నిలిస్తే లాభం లేదు. పరీక్ష సులువు. దుబ్బుకి కాస్త ఎడంగా 30 సెంటీమీటర్ల లోతు గొయ్యి తవ్వి నీళ్ళు నింపండి. అవి ఇంకాక మళ్ళీ నింపండి. ఈ రెండో సారి లెక్క. గంటకి రెండున్నర సెంటీమీటర్ల కన్నా తక్కువ దిగితే అక్కడ ఫెస్క్యూ, స్టైపా పెట్టి బాధపడొద్దు.

అలాంటి బంకమట్టికి వెంటనే తట్టే ఉపాయం ఇసుక కలపడం. కాస్త ఇసుక కలిపితే మట్టి గుల్లబారదు, రేణువుల మధ్య బంక దూరి ఇంకా గట్టిపడుతుంది. తేడా రావాలంటే సగానికి సగం ఇసుక పోయాలి, అంత ఎవరూ పోయలేరు. రెండో ఉపాయం ఇంకా ప్రమాదం: గొయ్యి పెద్దగా తీసి అందులో గుల్ల మట్టి నింపి నాటడం. చుట్టూ బంకమట్టి గోడలు, మధ్యలో గుల్ల మట్టి. చుట్టుపక్కల నీరంతా వచ్చి ఆ గోతిలోనే చేరుతుంది. మొక్కకి మెత్తటి పరుపు వేశామనుకుంటాం, చేసింది నీళ్ళ తొట్టి. పనికొచ్చేది లోతుకి వెళ్ళడం కాదు, పైకి లేవడం. 15 నుంచి 20 సెంటీమీటర్ల ఎత్తు బోదె లేదా గట్టు కట్టి, తీసిన మట్టికే బాగా మాగిన కంపోస్టు కలిపి, కుదురు నేలమట్టానికి ఒకటి రెండు సెంటీమీటర్లు పైకి ఉండేలా నాటాలి. కంపోస్టు, రాలిన ఆకుల పొర కుదురు మెడకి ఆనించొద్దు. తడి పడని రకాలకి మెడ చుట్టూ సన్న కంకర పరిస్తే అక్కడ త్వరగా ఆరుతుంది.

కంకర పైన మంచిది. అదే కంకర కుండీ అడుగున వేస్తే చెడ్డది. తరతరాలుగా అందరం వేస్తున్నాం, నేనూ వేశాను. వంటింట్లో స్పాంజితో చూస్తే సంగతి తెలుస్తుంది. దీర్ఘచతురస్రంగా ఉన్న స్పాంజిని పూర్తిగా తడిపి పడుకోబెట్టి పట్టుకోండి, కారడం ఆగేదాకా ఆగండి. ఆగింది కదా, ఇప్పుడు దాన్ని నిలువుగా తిప్పండి. మళ్ళీ కారుతుంది! స్పాంజి అదే, నీళ్ళూ అవే, ఎత్తు మారిందంతే. కుండీ మట్టి కూడా అంతే. ఎంత కారినా అడుగున కొన్ని సెంటీమీటర్ల మేర నీటి పొర వేలాడుతూ మిగులుతుంది. సన్న మట్టిలోంచి పెద్ద సందులున్న కంకరలోకి నీరు సులువుగా దిగదు, మట్టి పూర్తిగా నానితే గానీ వదలదు. అడుగున కంకర వేస్తే ఆ నీటి పొర కంకర ఎత్తుకి పైకి జరిగి, వేళ్ళకి ఇంకా దగ్గరవుతుంది. కాబట్టి కుండీ ఎత్తుగా ఉండాలి, మొత్తం మట్టి మిశ్రమమే గుల్లగా ఉండాలి, అడుగు రంధ్రం నేలకి అతుక్కోకుండా కింద నాలుగు పెంకులు పెట్టాలి. సాసర్‌ని చలికాలం మొత్తం తీసి పక్కన పెట్టేయండి.

కుండీని ప్లాస్టిక్ కవర్‌తో చుట్టి కాపాడదామనుకుంటే లోపల ఆవిరి పట్టి కుళ్ళు ఇంకా తొందరగా వస్తుంది. వాన తగలకుండా పైన మాత్రం ఏటవాలుగా ఒక అద్దమో రేకో ఉంచి, నాలుగు పక్కలా గాలికి వదిలేయాలి. గోడవారగా, ఇంటి చూరు కిందకి జరిపినా చాలు. ఎర్ర ఆకుల పెనిసెటమ్ సెటేసియమ్ సంగతి వేరే. దానికి చలే పడదు, గడ్డకట్టే చలి వస్తుందంటే లోపలికి తేవాల్సిందే.

రెండు గడియారాలు

ఎప్పుడు విడదీయాలి, ఎప్పుడు నాటాలి అనే ప్రశ్నలన్నీ ఒక్క తేడా దగ్గర విడిపోతాయి. గడ్డుల్లో చల్లకాలం రకాలు, వెచ్చకాలం రకాలు ఉన్నాయి. కాంతితో చక్కెర తయారు చేసుకునే పద్ధతే రెండింటికీ వేరు. ఫెస్క్యూ, కాలమాగ్రోస్టిస్, డెషాంప్సియా, స్టైపా చల్లకాలం గడ్డి. నేల కాస్త చల్లగా ఉన్నా వేళ్ళు కదులుతాయి, వసంతంలో అందరికన్నా ముందు చిగురిస్తాయి. మిస్కాంథస్, పెనిసెటమ్, పానికమ్ వెచ్చకాలం గడ్డి. ఎండ ముదిరేదాకా వాటికి తెల్లవారదు.

ఇప్పుడు తడి చలికాలాన్ని దీనికి జోడించి చూడండి. మిస్కాంథస్ దుబ్బుని ఆకు రాలే కాలంలో తవ్వి నాలుగు ముక్కలు చేశారనుకుందాం. ముక్కలన్నిటికీ పచ్చి గాయాలే. చుట్టూ చల్లటి తడి మట్టి. గాయం మానడానికి కొత్త వేరు రావాలి, ఆ వేరు రావడానికి నేల వేడెక్కాలి, దానికింకా నాలుగైదు నెలలుంది. ఆ నెలలన్నీ గాయాలు తడిలో నానుతూనే ఉంటాయి. అందుకే వెచ్చకాలం గడ్డిని వసంతంలోనే, కొత్త మొలకలు కదిలాకే విడదీయాలి. చల్లకాలం రకాలు కొంత మేలు, ఆకు రాలే కాలం మొదట్లో విడదీసినా వేరు పోసుకుంటాయి. అయినా ముసురు పట్టే చోట వాటికీ వసంతం దాకా ఆగడమే నయం. చలి ముందు నత్రజని ఎరువు మాత్రం ఎవరికీ వేయొద్దు. అప్పుడొచ్చే లేత ఆకే ముందు కుళ్ళుతుంది.

ఈ గడియారం తెలియకే బతికున్న మొక్కల్ని పీకి పారేస్తుంటారు. వసంతం వస్తుంది, ఫోర్‌స్టర్ గడ్డి జానెడు పచ్చగా లేస్తుంది, పక్కన పెనిసెటమ్ మాత్రం గోధుమ రంగు మొండెంలా ఉంటుంది. తడికి పోయిందనుకుని గునపం తెస్తాం. ఆగి, ముందు కుదురులో వేలు పెట్టి నొక్కి చూడండి. గట్టిగా, చెక్క ముక్కలా తగిలితే ప్రాణం ఉంది. మెత్తగా దిగిపోతే ఆ భాగం పోయింది. ఇంకా అనుమానంగా ఉంటే పక్కనుంచి కాస్త మట్టి తవ్వి ఒక వేరు పట్టుకుని లాగండి. బతికున్న వేరు తెల్లగానో లేత గోధుమ రంగులోనో ఉండి బిగువుగా ఉంటుంది. కుళ్ళిన వేరు పై తొక్క వేళ్ళ మధ్య జారి వచ్చేస్తుంది, లోపల సన్న దారం మిగులుతుంది.

చాలా దుబ్బుల్లో నడిమధ్య పోయి అంచు చుట్టూ బతికి ఉంటుంది. అలాంటప్పుడు మొత్తం తవ్వి, నల్లబడిన మధ్య భాగం పారేసి, అంచు ముక్కల్లో వేళ్ళున్నవి ఏరి ఎత్తైన చోట నాటొచ్చు. నా ఫెస్క్యూలో చేతికి రాని సగాన్ని అలాగే మూడు ముక్కలుగా చేసి కంకర గట్టు మీద పెట్టాను. రెండు అంటుకున్నాయి. మూడోది గట్టు దిగువన, నీరు జారి చేరే మూలలో పెట్టినది.